అంకారాలో ఓట్లు, నికోసియాలో గేట్లు

నికోసియా పాతబస్తీలో లెడ్రా వీధి పొడవునా చెప్పుల దుకాణాలు, ఐస్‌క్రీం కొట్లు, బయట కుర్చీలు వేసిన కాఫీ హోటళ్లు. వాహనాలు రావు కాబట్టి జనం తీరిగ్గా నడుస్తుంటారు. ఉత్తరం వైపు సాగిపోతుంటే ఒకచోట చిన్న బూత్ అడ్డొస్తుంది. సైప్రస్ పోలీసులు పాస్‌పోర్ట్ చూసి పంపిస్తారు. ఆ తర్వాత కొన్ని అడుగుల మేర ఐక్యరాజ్యసమితి కాపలాలో ఉన్న నేల. పక్కన కిటికీలు ఊడి, గోడలు బీటలువారిన పాత ఇళ్లు. అది దాటితే మరో బూత్, మరో పోలీసు. అక్కడ రెండు జెండాలు: ఒకటి టర్కీది, రెండోది టర్కీ తప్ప ప్రపంచంలో ఏ దేశమూ గుర్తించని ‘ఉత్తర సైప్రస్ టర్కిష్ రిపబ్లిక్’ది. వీధి అదే, దుకాణాల్లో సరుకూ ఇంచుమించు అదే. ధరలు మాత్రం యూరోలు పోయి లిరాల్లోకి వస్తాయి.

ఈ గేటు తెరిచింది 2008 ఏప్రిల్ 3న. అంతకు ముందు కొన్ని దశాబ్దాలు ఇక్కడ గోడ ఉండేది. 1963 డిసెంబరులో గ్రీకు, టర్కిష్ సైప్రస్ వాసుల మధ్య నెత్తురు పారినప్పుడు పీటర్ యంగ్ అనే బ్రిటిష్ సేనాని నికోసియా మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. 1974 జులై 15న గ్రీస్ సైనిక పాలకుల అండతో అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర జరిగింది. అయిదు రోజులకే టర్కీ సైన్యం దిగింది. ఆగస్టు ముగిసేసరికి దీవిలో మూడో వంతుకు మించిన భాగం దాని చేతిలో ఉంది. నగరంలో గీసిన గీత దీవిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చీల్చుతూ 180 కిలోమీటర్లకు సాగింది. లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రస్ వాసులు దక్షిణానికి, వేలాది టర్కిష్ సైప్రస్ వాసులు ఉత్తరానికి కట్టుబట్టలతో వెళ్లారు.

ఈ ప్రయాణం 2025 శరదృతువులో, ఉత్తర భాగంలో ఎన్నికల వేడి ఇంకా చల్లారకముందు చేశాను. చూడాలనుకున్నది ఒకటే. ఈ దీవి మీద ఓటు వేసేవాళ్లు రెండు ముక్కల్లో ఉన్నారు. మరి ఉత్తర తీరం నుంచి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, సముద్రానికి అవతల టర్కీ వేసే ఓటు ఇక్కడి మనుషుల బతుకుల్ని ఎలా కదుపుతుంది?

ఉత్తరాన ఒక పూట తిరిగితే చాలు, ఆ ఓటు బరువెంతో తెలుస్తుంది. ఇక్కడికి ఉత్తరం రాయాలంటే చిరునామాలో ‘మెర్సిన్ 10, టర్కీ’ అని చేర్చాలి. మెర్సిన్ టర్కీ దక్షిణ తీరంలోని రేవు. ఫోన్ కోడ్ కూడా టర్కీదే. ఇక్కడి ఎర్జాన్ విమానాశ్రయానికి వచ్చే ప్రతి విమానమూ టర్కీలో దిగి రావాల్సిందే. 2015 అక్టోబరు నుంచి తాగే నీళ్లు కూడా సముద్రం లోపల వేసిన గొట్టంలో అక్కడి నుంచే వస్తున్నాయి. ఏడాదికి ఏడున్నర కోట్ల ఘనపు మీటర్లు దాని సామర్థ్యం. లిరా విలువ పడిపోతే నికోసియాలో రొట్టె ధర పెరుగుతుంది. ఇన్ని ముళ్లు పడ్డాక అంకారాలో ప్రభుత్వం మారితే ఇక్కడ గాలి మారకుండా ఎలా ఉంటుంది?

సెలిమియే మసీదుకు దగ్గరలో బ్యూక్ హాన్ ఉంది. 1572లో కట్టిన సత్రం అది. నడుమ విశాలమైన వాకిలి, చుట్టూ రాతి కమాన్లు, పై అంతస్తులో చేతిపనుల కొట్లు. అక్కడ చక్కెర లేని కాఫీ తాగుతుంటే పక్క బల్ల దగ్గరున్న రిటైర్డ్ స్కూలు మాస్టారు మాట కలిపారు. టర్కిష్ సైప్రస్ వాసి. ఇంగ్లిషు చక్కగా మాట్లాడతారు. “మీ జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఎన్నిక ఏది మాస్టారూ?” అని అడిగాను. తడుముకోకుండా చెప్పారు: “2002. కానీ అందులో మాకు ఓటు లేదు బాబూ.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2002 నవంబరు 3న టర్కీలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఎర్దోగాన్ స్థాపించిన కొత్త పార్టీ 34 శాతం ఓట్లతో 550 సీట్లలో 363 గెలుచుకుంది. దిగిపోయిన ప్రధాని ఎవరో తెలుసా? బులెంత్ ఎజెవిత్. 1974లో సైప్రస్‌కు సైన్యాన్ని పంపిన ప్రధాని కూడా ఆయనే. అప్పట్లో దేశం నెత్తిన పెట్టుకున్న మనిషి పార్టీకి ఈసారి రెండు శాతం ఓట్లయినా రాలేదు. సైప్రస్ విషయంలో కదలకపోవడమే క్షేమమన్న తరం ఆయనతో పాటు పక్కకు జరిగింది. కొత్త పార్టీకి యూరోపియన్ యూనియన్ తలుపు తట్టాలనే తొందర ఉంది. ఆ తలుపుకు సైప్రస్ తాళం కప్ప. ముప్పై నలభై ఏళ్లుగా సాగుతున్న విధానాన్నే పట్టుకుని వేలాడలేమని ఎర్దోగాన్ బాహాటంగా అన్నారు.

ఆ మాట ఉత్తర నికోసియా వీధుల్లోకి పాకింది. ఆ చలికాలంలో వేలకు వేలు టర్కిష్ సైప్రస్ వాసులు ఇక్కడి కూడళ్లలోకి వచ్చి పరిష్కారం కావాలని, యూరప్ కావాలని అరిచారు. దశాబ్దాలుగా ఉత్తరానికి ఏకైక గొంతుగా ఉన్న రవూఫ్ దెంక్తాష్‌కు అలాంటి సెగ కొత్త. దీవిని మళ్లీ కలపడానికి ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తెచ్చిన ప్రణాళికను 2003 మార్చిలో హేగ్‌లో ఆయన తోసిపుచ్చారు గానీ, ఏప్రిల్ 23న సరిహద్దు గేట్లు తెరవక తప్పలేదు. మాస్టారు ఆ రోజు లెడ్రా ప్యాలెస్ హోటల్ దగ్గర వరసలో నిలబడ్డారట. “మా ఇల్లు లిమసోల్ దగ్గర ఒక పల్లెలో. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత వెళ్లాను. అందులో ఉంటున్నావిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మా అమ్మ నాటిన నిమ్మచెట్టు కాయలు సంచిలో పోసి ఇచ్చింది. ఇద్దరం ఏడ్చాం” అన్నారు. ఇలాంటి కథ ఈ దీవిలో ఏ వీధిలో అడిగినా దొరుకుతుంది.

సరిగ్గా ఏడాదికి, 2004 ఏప్రిల్ 24న, దీవి రెండు భాగాల్లోనూ అన్నన్ ప్రణాళిక మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఈసారి అంకారా ‘అవును’ వైపు నిలబడింది. ఉత్తరాన 65 శాతం అవునన్నారు. దక్షిణాన 76 శాతం కాదన్నారు. అక్కడ కూడా మధ్యలో ఒక ఎన్నిక జరిగింది మరి. 2003 ఫిబ్రవరిలో గెలిచిన అధ్యక్షుడు తాసోస్ పపడోపులోస్ టీవీలో కన్నీళ్లతో ‘కాదు’ అనమని ప్రజల్ని కోరారు. టర్కీ సైనికులు మిగిలిపోతారని, ఇళ్లు తిరిగి రావని భయపడ్డ శరణార్థుల బాధ అబద్ధం కాదు. అయినా ఆ తేదీ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. సరిగ్గా వారానికి, మే 1న, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. కావాలన్నవాళ్లు బయట ఉండిపోయారు.

మర్నాడు మినీబస్సులో ఫమగుస్తా వెళ్లాను. మెసావోరియా మైదానం, కోతలు ఎప్పుడో అయిపోయిన గోధుమ చేలు, ఎడమ పక్కన అయిదు వేళ్ల కొండలు. ఆ కొండ వాలు మీద ఉత్తర సైప్రస్ జెండాను ఎంత పెద్దగా వేశారంటే దక్షిణ నికోసియాలో డాబా ఎక్కితే కనిపిస్తుంది. రాత్రిళ్లు దానికి దీపాలు కూడా పెడతారు.

ఫమగుస్తా పక్కనే వరోషా. 1974కు ముందు సముద్రం ఒడ్డున వరసగా హోటళ్లు కట్టిన, దీవికి డబ్బు తెచ్చిపెట్టిన పేట. ఆగస్టులో జనం పరుగెత్తి పారిపోయారు. సైన్యం కంచె వేసింది. సొంత నివాసులకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదని 1984లో భద్రతామండలి 550వ తీర్మానం చేసింది. కాబట్టి అది దశాబ్దాల పాటు ఎవరూ లేకుండా పడి ఉంది. 2020 అక్టోబరు 8న ఆ కంచెలో కొంత భాగం తీశారు. తేదీ గమనించాలి. ఉత్తరాన అధ్యక్ష ఎన్నికల తొలి విడత అక్టోబరు 11న. తీరం తెరుస్తున్నామని అంకారాలో ఎర్దోగాన్ పక్కన నిలబడి ప్రకటించింది అభ్యర్థుల్లో ఒకరైన ఎర్సిన్ తాతార్. ఆయన ప్రత్యర్థి, ఒకే సైప్రస్ సమాఖ్య కావాలనే ముస్తఫా అకింజీ. పోటీ నుంచి తప్పుకోమని తన మీద టర్కీ వైపు నుంచి ఒత్తిడి వచ్చిందని అకింజీ బహిరంగంగానే చెప్పారు. రెండో విడతలో తాతార్ 51.7 శాతంతో గట్టెక్కారు.

ఇప్పుడు లోపలికి ఎవరైనా వెళ్లవచ్చు. కొత్త తారు రోడ్డు, అద్దె సైకిళ్లు, రోడ్డుకు ఇటూ అటూ తాళ్లు కట్టి హెచ్చరిక బోర్డులు. తాళ్ల వెనక బాల్కనీలు కూలిన అపార్టుమెంట్లు, పేరు అక్షరాలు సగం రాలిన షాపులు, గదుల్లోంచి మొలిచిన చెట్లు. పర్యాటకులు సెల్ఫీలు దిగుతున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఫొటో తీయలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని మూడో అంతస్తు వైపు చూస్తూ గ్రీకులో ఏదో చెబుతోంది. ఎవరి ఇల్లు వాళ్లకు ఇవ్వకుండా జనం షికారుకు వచ్చే చోటుగా మార్చడం న్యాయమని నేను ఎంత ఆలోచించినా అనుకోలేకపోయాను.

ఇదే ఫమగుస్తాకు మరో దుఃఖం ఉంది. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో భూకంపం వచ్చినప్పుడు, వాలీబాల్ పోటీలకు వెళ్లిన ఇక్కడి బడి పిల్లలు, వాళ్ల టీచర్లు, తల్లిదండ్రులు కలిపి 35 మంది అదియమాన్‌లో హోటల్ కూలి చనిపోయారు. దక్షిణాన కూడా జనం కంటతడి పెట్టారు. ఆ తర్వాత మూడు నెలలకే టర్కీ ఎన్నికలకు వెళ్లింది. మే 14న ఎర్దోగాన్‌కు యాభై శాతం అందలేదు. 28న 52.2 శాతంతో ప్రతిపక్ష అభ్యర్థి కిలిచ్‌దారోగ్లు మీద గెలిచారు. గెలిచాక టర్కీ బయట ఆయన మొదట అడుగు పెట్టింది ఉత్తర నికోసియాలోనే.

2004లో ‘అవును’ అన్న ఎర్దోగాన్ ఇరవై ఏళ్లు తిరక్కుండా ఈ దీవిలో ‘రెండు దేశాలు’ అనడం ఎలా జరిగింది? దక్షిణం చెప్పిన ‘కాదు’ ఒక కారణం. యూరప్ తలుపు తెరుచుకోకపోవడం ఇంకొకటి. 2017 జులైలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్ మొంటానాలో చర్చలు చెడటం మరొకటి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అంకారా ఓట్ల లెక్క. 2017 ఏప్రిల్‌లో టర్కీ రాజ్యాంగాన్ని మార్చి అధ్యక్ష పాలన తెచ్చుకుంది. అధ్యక్షుడు గెలవాలంటే సగానికి పైగా ఓట్లు కావాలి. పార్లమెంటు రోజుల్లో 34 శాతంతో రాజ్యమేలిన పార్టీకి ఇప్పుడు జత లేనిదే గడవదు. ఆ జత దెవ్‌లెత్ బహ్‌చెలీ నడిపే జాతీయవాద పార్టీ. సైప్రస్ మీద ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గేది లేదన్నది వాళ్ల మాట. అంకారాలో ఎన్నికల పద్ధతి మారడంతో, లెడ్రా వీధి చివర ఉన్న బూత్ దగ్గర ఆశ కుంచించుకుపోయింది. ఇది ఏ ఒక్క మనిషి మంచిచెడ్డల సంగతి కాదు, లెక్క సంగతి.

ఉత్తరాది జనం మాత్రం ఆ లెక్కకు తలొగ్గి ఊరుకోలేదు. 2015లో అకింజీని అరవై శాతం ఓట్లతో గెలిపించారు. టర్కీతో తమది తల్లీబిడ్డల బంధం కాదు, తోబుట్టువుల బంధం కావాలని ఆయన అన్న మాటకు ఎర్దోగాన్‌కు కోపం వచ్చింది. 2025 వసంతంలో బళ్లలో తలముసుగు నిబంధన మీద టీచర్ల సంఘాలు వీధికెక్కాయి. అక్టోబరు 19న తుఫాన్ ఎర్హుర్‌మాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు తాతార్ మీద దాదాపు 63 శాతం ఓట్లతో గెలిచారు. సమాఖ్యే దారి అన్నది ఆయన పట్టు. ఫలితం వచ్చీ రాగానే బహ్‌చెలీ ఉత్తర సైప్రస్ పార్లమెంటు దీన్ని ఒప్పుకోకుండా టర్కీలో కలిసిపోవాలని తీర్మానించాలన్నారు. ఎర్దోగాన్ అభినందనలు పంపారు. పొత్తులోని రెండు పార్టీలు ఒకే రోజు రెండు గొంతులతో మాట్లాడటం ఇక్కడ టీ కొట్టులో పనివాళ్లు కూడా పట్టుకున్న విషయం.

తిరుగు ప్రయాణంలో నికోసియా పడమట పాత అంతర్జాతీయ విమానాశ్రయం వైపు వెళ్లాను. 1974 జులై నుంచి అక్కడ ప్రయాణికుల రాకపోకలు లేవు. రెండు సైన్యాలూ దానికోసం కొట్టుకుంటున్నప్పుడు దాన్ని ఐరాస రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసిన సేనాని మనవాడే, ప్రేమ్‌చంద్. అంతకు ముందు ఇక్కడి ఐరాస శాంతిదళాన్ని నడిపిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఈ దీవి మీదే కన్నుమూశారు. ఆ రక్షిత ప్రాంతంలోనే ఇప్పుడొక ప్రయోగశాల ఉంది. 1963-64లో, 1974లో మాయమైన 2,002 మంది ఎముకల కోసం రెండు వైపుల నిపుణులూ కలిసి వెతుకుతున్నారు. వారిలో 1,510 మంది గ్రీకు, 492 మంది టర్కిష్ సైప్రస్ వాసులు. వెయ్యి మందికి పైగా ఆనవాళ్లు తేలాయి. మిగిలినవాళ్ల తల్లులు, భార్యలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఎక్కడ పాతిపెట్టారో తెలిసిన ముసలి సాక్షులు కూడా అంతే.

ఆ సాయంత్రం మాస్టారిని మళ్లీ కలిశాను. కాగితం రుమాలు మీద ఆయన సంవత్సరాలు రాశారు. దక్షిణాన పార్లమెంటు ఎన్నికలు 2026 మే. ఉత్తరాన పార్లమెంటు ఎన్నికలు 2027 మొదట్లోగా. దక్షిణాన అధ్యక్ష ఎన్నిక 2028 ఫిబ్రవరి. టర్కీలో 2028 మే, ఇంకా ముందే పెడితే తప్ప. “ఓటు దగ్గరపడ్డవాడు రాజీ మాట ఎత్తడు. కాబట్టి మాకు మిగిలింది ఈ మధ్యలోని నెలలే. ఎర్హుర్‌మాన్, దక్షిణాన అధ్యక్షుడు క్రిస్తోదులిదిస్ కలిసి ముందుగా ఇంకో రెండు గేట్లు తెరిస్తే సంతోషం. మియామిలియా దగ్గర ఒకటి పెట్టాలని ఎప్పటి నుంచో అంటున్నారు” అన్నారు. ఆయన కూతురు దక్షిణాన పనికి వెళ్తుందట. ఉదయం పూట అయోస్ దొమేతియోస్ గేటు దగ్గర కార్ల వరస కదలక రోజూ ఆలస్యమవుతోందని చెప్పారు.