కానరాని గాయము

మా యింట జరిగిన యొక పొరపాటును చెప్పుకొనుటకు మాకు సిగ్గుగనే యున్నది. అయినను మీ యిండ్లలో నుపయోగపడునని వ్రాయుచున్నాము.

గత కార్తికమాసమున నొక పెండ్లికై గుంటూరునుండి తెనాలికి కారులో పోవుచుంటిమి. అబ్బాయి నడుపుచుండెను, కోడలు ముందు సీటున, మేము వెనుక కూర్చుంటిమి. జడలోని పూలు నలుగునని కోడలు తన సీటుపైనున్న తలదిండును క్రిందికి దించుకొనినది. రైలుగేటు వేసియుండగా మా కారు నిలిచెను. అంతలో మరియొక బండి వెనుకనుండి గుద్దినది. కారునకు సొట్ట పడినదేకాని, యెవరికిని నెత్తురుచుక్క రాలలేదు. దైవము కాపాడెనని తలచి, పెండ్లిభోజనము చేసి తిరిగి వచ్చితిమి.

మరునాటి యుదయమున కోడలు, "అత్తయ్యగారూ, మెడ త్రిప్పలేకున్నాను, తల వెనుకభాగమున నొకటే నొప్పి" అనినది. "నిన్నయంతయు బాగుగనే తిరిగితివి గదా! మాకు రాని నొప్పి నీకెట్లు వచ్చినది?" అంటిమి. ఆమె మారు పలుకక వంటయింటిలోనికి పోయెను. మూడవనాడు నీళ్లబిందె నెత్తబోయి గోడకానుకొని యేడ్చుచుండుట చూచి, వైద్యురాలియొద్దకు తీసికొనిపోతిమి.

ఎక్సురేలో ఎముకలన్నియు సరిగా నున్నవి. "చూచితివా!" యని మేమనబోవునంతలో నామె మమ్ము వారించి యిట్లు చెప్పినది: "కండరములు సాగినను, కీళ్లను పట్టియుంచు కట్లు బెణకినను ఎక్సురేలో కానరావు. వెనుకనుండి గుద్దినప్పుడు సీటు వీపును ముందునకు నెట్టును. దాదాపు 5 కిలోల బరువుగల తల యున్నచోటనే నిలిచిపోవును. నడుమనున్న మెడ రెప్పపాటులో వెనుకకును ముందునకును వంగిపోవును. కొరడా ఝళిపించినట్లుండును గనుకనే దీనిని విప్‌లాష్ అందురు. వాపు మెల్లగా వచ్చుటచే నొప్పి మరునాడు తెలియుట సాధారణము."

ఈ యపనమ్మకము క్రొత్తది కాదట. ఇంగ్లండులో రైలుప్రమాదములలో చిక్కినవారి యిట్టి బాధలనుగూర్చి ఎరిక్సెన్ అను వైద్యుడు 1866లోనే గ్రంథము వ్రాసెను. నటించుచున్నారా, నిజముగా బాధపడుచున్నారా యని నాడు కోర్టులలో వాదములు జరిగెను. మా యింటిలో కోర్టు లేకున్నను, తీర్పు చెప్పినవారము మేమే!

పశ్చాత్తాపముచే రెండవ తప్పు చేసితిమి. అంగడినుండి మెడపట్టీ తెప్పించి కట్టి, కోడలిని మంచము దిగనీయలేదు. పది దినములలో మెడ మరింత బిగిసికొనిపోయెను. వైద్యురాలు పట్టీని తీసివేయించి, "ఎముక విరుగనప్పుడు కదలికయే మందు" అనినది. మెడను ఓర్చుకొనగలిగినంతవరకు మెల్లగా కుడికి, ఎడమకు త్రిప్పుట, గడ్డమును రొమ్మువైపు వంచుట దినమునకు పలుమారులు చేయించినది. నొప్పికి మాత్రలు, గోరువెచ్చని కాపడము చెప్పినది. బిందెలెత్తుట కొన్నాళ్లు మానుమనినది. తేలికపనులు మాత్రము మానవలదనినది. క్షౌరశాలలో మెడ విరిపించుకొనుట, మోటుగా మర్దన చేయించుట తగదని హెచ్చరించినది. చాలమందికి కొన్ని వారములలో, లేదా రెండు మూడు నెలలలో నెమ్మదించునట.

కాని ప్రమాదము జరిగినప్పుడు కాలుసేతులు తిమ్మిరెక్కినను, పట్టు తప్పినను, మెడ ఎముకపైననే తీవ్రమైన నొప్పి కలిగినను, స్పృహ తప్పినను, వాంతులైనను ఉపేక్షింపరాదు. మెడ కదల్పక 108కు ఫోను చేయవలయును. కారులోని తలదిండు పైయంచు నడినెత్తి యెత్తున, తలకు దగ్గరగా నుండునట్లు అమర్చుకొనవలయును. పూలు నలిగిన మరల కొనుక్కొనవచ్చును.

సంక్రాంతినాటికి కోడలు వాకిట పెద్దముగ్గు పెట్టినది. నడుమ నడుమ లేచి మెడ త్రిప్పుకొనుచుండగా, మేము ముగ్గుచిప్ప పట్టుకొని ప్రక్కన నిలిచితిమి. "ఇంకను నొప్పిగా నున్నదా, అమ్మా?" అని యడిగితిమి. "కొంచెమున్నది, అత్తయ్యగారూ" అనినది. ఈమారు నమ్మితిమి.