కరదీపిక లేని విద్య

మనిషి ఒక యంత్రాన్ని కొంటే దానితోపాటు ఒక పుస్తకం కూడా ఇంటికి వస్తుంది. ఏ మీట ఎందుకో, ఏ పని చేయరాదో అందులో రాసి ఉంటుంది. చాలామంది ఆ పుస్తకాన్ని తెరిచి చూడరు. అయినా అవసరమైతే అది ఉన్నదన్న ధైర్యం వేరు. యంత్రం పైకి అదే విధంగా ఉండి, దాని లోపలి బుద్ధి మాత్రం మారిపోతే? అప్పుడు ఆ పుస్తకం నిరుటి పంచాంగం అవుతుంది. అకాయ్ ఎంపీసీ 1000 అనే సంగీత యంత్రాన్ని వాడిన పలువురికి ఈ అనుభవమే ఎదురైంది.

ఈ యంత్రం శాంప్లర్ జాతికి చెందినది. ధ్వనిని పట్టి తనలో దాచుకొని, కోరినప్పుడు వినిపించడం శాంప్లర్ పని. డోలు మీద ఒక దెబ్బ, పాత గ్రామఫోను రికార్డులోని ఒక చిన్న పలుకు, తలుపు మూసిన చప్పుడు, ఏదైనా సరే దానికి ముడిసరుకే. వాటిని ముక్కలుగా కోసి ప్యాడ్‌లనే రబ్బరు బిళ్ళలకు అప్పగిస్తే, వేళ్ళతో తట్టి వాయించవచ్చు. అమెరికన్ ఇంజనీరు రోజర్ లిన్, జపానుకు చెందిన అకాయ్ సంస్థతో కలిసి రూపొందించిన ఎంపీసీ 60 1988లో వెలువడింది. నాలుగు వరుసలలో నాలుగేసి చొప్పున 16 ప్యాడ్‌లు ఉన్న ఆ అమరిక హిప్‌హాప్ సంగీతానికి ఇంచుమించు ఒక చిహ్నమైంది. 2006లో మరణించిన జె డిల్లా వాడిన ఎంపీసీ 3000ను వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం భద్రపరచింది. వీణను, వయొలిన్‌ను దాచినట్లే దీనినీ దాచారు.

ఆ కుటుంబంలో 2003లో వచ్చినది ఎంపీసీ 1000. కొన్నేళ్ళ తరువాత, ‘జేజే’ అన్న రెండక్షరాలే పేరుగా చెలామణీ అయిన ఒక జపాను ప్రోగ్రామర్ ఈ యంత్రానికి మరొక ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. దానికి జేజే ఓఎస్ అనే పేరు స్థిరపడింది. కొన్ని రూపాలు ఉచితంగా, మరికొన్ని కొద్దిపాటి వెలకు లభించాయి. స్వరాలను తెరపై గళ్ళలో చూస్తూ సరిదిద్దుకొనే సౌకర్యం, ధ్వనులను కోసే కొత్త పద్ధతులు దానితో వచ్చాయి. పాత యంత్రం కొత్త ప్రాణం పోసుకున్నట్లయింది.

అయితే ఆ ప్రాణానికి తగిన పుస్తకం రాలేదు. ఏ విడతలో ఏ మార్పు చేరిందో చెప్పే క్లుప్తమైన వివరణలే ఎక్కువ. యంత్రం ముఖాన అచ్చయిన అక్షరాలు మాత్రం పాత వ్యవస్థనే చెబుతూ ఉండిపోయాయి. తెర కింద ఉన్న ఆరు మీటల అర్థం తెరను బట్టి మారుతుంది. నిన్న ఒక పని చేసిన మీట నేడు మరొక పని చేయవచ్చు. వీధుల పేర్లు మారినా పాత పలకలు తీయని ఊరిలో బాటసారి పరిస్థితి ఇది.

ఇందులో భయానికీ కారణాలు లేకపోలేదు. కొత్త వ్యవస్థను చిన్న మెమరీ కార్డు ద్వారా యంత్రంలోకి ఎక్కించాలి. ఆ పని సగంలో ఉండగా విద్యుత్తు పోతే యంత్రం మళ్ళీ మేలుకోకపోవచ్చు. సవ్యంగా ఎక్కిన తరువాత కూడా మరొక ప్రమాదం ఉంది. పనిచేస్తున్నప్పుడు ధ్వనులు, లయలు నిలిచేది తాత్కాలిక జ్ఞాపకంలో. కార్డులో భద్రపరచకుండా యంత్రాన్ని ఆపితే రాత్రంతా కూర్చిన సంగీతం జాడ లేకుండా పోతుంది. తెలియని మీటను నొక్కే ముందు ఉన్నదానిని దాచుకోవడం ఇక్కడ మొదటి పాఠం. ఈ పాఠాన్ని చాలామంది ఒక పాట పోగొట్టుకున్నాక గాని నేర్చుకోరు.

రెండవ పాఠం ఒకసారి ఒకదానినే మార్చడం. ‘స్వింగ్’ అనే అంశాన్ని తీసుకోవచ్చు. ఎంపీసీ ఒక్కొక్క లయ దెబ్బను 96 సూక్ష్మ భాగాలుగా విభజిస్తుంది. దెబ్బకు నాలుగు చొప్పున తాళపు చప్పుళ్ళు వేస్తే ఒక్కొక్కదానికి 24 భాగాలు వస్తాయి. జంటకు 48. స్వింగ్ 50 శాతం దగ్గర ఉంటే రెండు చప్పుళ్ళూ సమదూరంలో నిలుస్తాయి. 66 శాతానికి జరిపితే రెండవది సుమారు 32వ భాగం వద్దకు ఆలస్యమవుతుంది. 75 వద్ద 36వ భాగానికి చేరుతుంది. ఈ లెక్క చదివినవారికి అంకెలే తెలుస్తాయి. మిగిలిన ధ్వనులన్నీ ఆపి, ఒక్క తాళాన్నే మోగిస్తూ, అంకెను కొంచెం కొంచెంగా జరిపి విన్నవారికి నడక మారడం తెలుస్తుంది. ఒకేసారి నాలుగు అంశాలు మార్చినవారికి మాత్రం ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో చివరికీ తెలియదు.

మూడవది రాసుకోవడం. జేజే ఓఎస్‌కు ఒకటి కాదు, అనేక రూపాలు వెలువడ్డాయి. ఒక రూపానికి సరిపడిన సలహా మరొక రూపానికి చెల్లకపోవచ్చు. అందువల్ల ‘ఫలానా మీట నొక్కాలి’ అన్న మాట చాలదు. ఏ రూపంలో, ఏ తెర మీద ఉండగా, ఏమి జరిగిందో కూడా రాయాలి. వాడుకరులు అలా రాసుకున్న కాగితాలను ఒకరికొకరు అందించుకున్నారు. వాటిని సరిదిద్ది, క్రమపరచి, తామే మార్గదర్శకాలు తయారుచేసుకున్నారు. రచయిత ఇవ్వని పుస్తకాన్ని పాఠకులే కలిసి రాయడం వంటిది ఇది.

పుస్తకం లేకపోవడమే మంచిదని దీని అర్థం కాదు. స్పష్టమైన వివరణ లేనందువల్ల వృథా అయిన గంటలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. విసిగిపోయి పాత వ్యవస్థనే మళ్ళీ ఎక్కించుకున్నవారిని తప్పుపట్టడానికీ లేదు. ఏకలవ్యుడిని మెచ్చుకొనే లోకం, అతనికి గురువు దొరకకపోవడాన్ని కూడా మెచ్చుకుంటే అది న్యాయం కాదు.

కాని ఆ గంటలు గడిపినవారికి ఒక లాభం దక్కింది. పుస్తకం చెప్పినట్లు నడిచినవాడికి దారి తెలుస్తుంది. తడుముకొంటూ నడిచినవాడికి ఊరే తెలుస్తుంది. మీట మీది అక్షరాన్ని నమ్మక, చెవిని నమ్మడం అతనికి అలవాటవుతుంది. సంగీతానికి కావలసిన మొదటి గుణం అదే. ఇక అతడు చేయవలసిన పని ఒక్కటే మిగులుతుంది. తనకు తెలిసినదానిని, తరువాత వచ్చేవారు అన్ని గంటలు తడుముకోనక్కరలేకుండా, విడమరచి రాసిపెట్టడం.