వంటయింట నిలిచిన చుట్టఱికము

ఫిలిప్పీను దీవుల రాజధానియగు మనీలాలో బినోండో యను పేట కలదు. క్రైస్తవులైన చీనావారికై స్పెయినుదొరలు దానిని 1594లో నెలకొల్పిరి. 1603లో తిరుగుబాటు నణచుచు ఆ స్పెయినువారే వేలకొలది చీనావారిని సంహరించిరి. అయినను, చీనావర్తకులను పెండ్లాడిన యచ్చటి స్త్రీల వంటయిండ్లలో వారి పండుగలు బ్రదికినవి.

నేడు ఫిలిప్పీను తల్లి బిడ్డ పుట్టినదినమున పన్సిత్ అను పొడవైన సేమియాను వండును. పోగులు తెగినచో నాయువు తఱుగునని వానిని త్రుంపదు. చీనా సంవత్సరాదికి తీకొయ్ అను జిగురుబియ్యపు తీపివంటకమును బంధువులకు బంచుదురు; కుటుంబ మట్లే యంటుకొని యుండవలెనని భావము. డిసెంబరు 31వ తేది రాత్రి, సిరి కలుగుటకై, కాసులవలె గుండ్రనైన పండ్లను బల్లపై నమర్చుదురు.

సోదరీమణులారా! దొరలు కత్తితో దెంపిన చుట్టఱికమును ఇల్లాండ్రు గరిటెతో నిలిపిరి. పండుగవంటను చిన్నపనియని యెవరనగలరు?