హౌజులో నడక

నిజామాబాదులో బోధను బస్సెక్కితే పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. ఒకప్పుడు చలికాలమంతా చెరకు లారీల వెనుకే బస్సు మెల్లగా సాగేది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే ఎక్కువగా వరే.

మా చిన్నమ్మ ఆ చెరకు తోటల్లో ముప్పై ఏండ్లు కూలి చేసింది. కొట్టిన గడలు మోపు కట్టి, తలమీద మోసి లారీకెక్కించిన మనిషి. అరవై దాటాక మోకాళ్లు పట్టేశాయి. మందిరంలో చాపమీద కూర్చోలేదు; వెనుక కుర్చీలో ఒక్కతే కూర్చోవడం నామోషీ. చివరికి ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయేది. ఆ మాట విని నాకు చాలా బాధ కలిగింది.

“నడవాలె అంటడు డాక్టరు. నడిస్తేనే గదా నొప్పి!” అనేది. ఆమె అన్నదీ నిజమే. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాత్రం నీళ్లలో నడవమంది. నడుము లోతు నీళ్లలో మోకాళ్లపై పడే బరువు సుమారు సగమవుతుంది. ఛాతీ లోతులో మూడో వంతుకు వస్తుంది. నీరు ఎదురు నెడుతుంది గనుక తొడ కండరాలకు బలమూ వస్తుంది. అరిగిన కీలు మళ్లీ పెరగదు గాని, నొప్పి, బిగుసుకుపోవడం తగ్గుతాయి. పోలియోతో కాళ్లు పడిపోయిన అమెరికా నాయకుడు రూజ్‌వెల్టు 1924 నుండి జార్జియాలోని వేడినీటి ఊటల్లో ఇలాగే సాధన చేశాడు.

ఈ ప్రాంతంలో నీటికి కొదువలేదు. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలున్నాయి, దారిలో అలీసాగర్ ఉంది. కాని కాలువలో వడి, అడుగున పాచి. చెరువులో లోతు తెలియదు. వయసు మళ్లినవారు వాటిలో దిగకూడదు.

మా తమ్ముడి పొలంలో మోటారు కాడ సిమెంటు హౌజుంది. రెండు మెట్లు కట్టించి, పట్టుకోను ఇనుప పైపు బిగించాడు. బోరు నీళ్లు చలిపొద్దున గోరువెచ్చగానే వస్తాయి. మోటారు ఆపి, కరెంటు తీసేశాకే ఆమెను దింపుతారు. కోడలు గట్టుమీద కూర్చుంటుంది. మొదటి వారం అయిదు నిమిషాలు, ఇప్పుడు ఇరవై. ముందుకు, వెనక్కు, పక్కకు. ఆమెకు షుగరుంది, అందుకే పైకి రాగానే అరికాళ్లలో పుండ్లేమైనా ఉన్నాయేమో చూస్తారు. గుండె జబ్బున్నవారు డాక్టరునడగకుండా దిగరాదు.

“నీళ్లల్ల ఉన్నంతసేపు కాళ్లు నావి గానట్టే ఉంటయి బిడ్డా,” అంది చిన్నమ్మ.

చాపమీద ఇంకా కూర్చోలేదు. ఆదివారం మాత్రం కుర్చీ తానే మోసుకొని మందిరానికి బయలుదేరింది, ముందు వరుసలో వేసుకుంటానని.