గాలి పలుచనైన చోట

మాదాపూర్‌లోని మా ఇంట, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి మావారు నిద్రించే వేళ, ఇంటర్ చదివే మా అమ్మాయి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానం నడుపుతూ ఉంటుంది. మొన్న వేసవిలో ఎయిర్‌బస్ ఏ320ని వీలైనంత ఎత్తుకు చేర్చాలని పట్టుబట్టింది. 39,000 అడుగులు దాటాక తెరపై హెచ్చరికలు మొదలయ్యాయి.

“ఇంజను శక్తి పెంచరాదా?” అన్నాను.

“లాభం లేదు అమ్మీ. అక్కడ గాలి పలుచన. ఇంజనుకూ ఊపిరి చాలదు, రెక్కలకూ ఆధారం చాలదు. వేగం తగ్గితే విమానం జారిపోతుంది. మితిమీరితే అదుపు తప్పుతుంది. పైకి పోయేకొద్దీ ఈ రెంటి నడుమ దారి ఇరుకవుతుంది.”

అంతకు మించి వెళ్లినవారు లేరా అని అడిగాను. 1977లో సోవియట్ పైలట్ అలెగ్జాండర్ ఫెదోతోవ్ మిగ్-25 రకపు విమానంలో 37,650 మీటర్ల ఎత్తుకు చేరాడట. అయితే అక్కడ నిలువలేదు; విసిరిన రాయిలా లేచి, దిగివచ్చాడు.

ఆ వెంటనే అసలు మాట బయటపెట్టింది: “నన్ను పైలట్ శిక్షణకు పంపుతారా?”

ఆమె నికాహ్‌కు దాచిన సొమ్ము తప్ప మావద్ద వేరే నిధి లేదు. ఆడపిల్లకు ఆకాశమెందుకని దాదీ అభ్యంతరం. పాతబస్తీలోని బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దాతల చేయూతతో పైలట్ అయిన సంగతిని మావారు గుర్తుచేశారు.

ముందుగా వైద్య పరీక్ష చేయించి, అన్నీ అనుకూలిస్తే ఆ సొమ్మును శిక్షణకే వెచ్చించాలని నిశ్చయించుకున్నాము. దాదీ ఇంకా సమ్మతించలేదు. నికాహ్ సంగతి అల్లాహ్ చూసుకుంటాడు. ఎగరగోరే బిడ్డకు రెక్కల కింద ఆధారం మాత్రం తల్లిదండ్రులమే కల్పించాలి.