రెండు చేతుల ఆట – ఆడినవారి మాట

ఏ ఆటనైనా ఆడినవాడు ఒక విధంగా చూస్తాడు. గట్టున నిలిచి చూచేవాడు మరొక విధంగా చూస్తాడు. చదరంగం మొదలు క్రికెట్టు వరకు ఆడినవారి అభిప్రాయాన్ని మనం గౌరవంగా అడిగి తెలుసుకొంటాము. సెల్‌ఫోను తెరపై ఆడే ఆటల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ మర్యాదను మరచిపోతాము. అవి మంచివో చెడ్డవో తీర్పు చెప్పే పెద్దలలో చాలామంది వాటిని ఒక్కసారియైనా చేతబట్టి యెరుగరు. ఆడేవారిని పిలిచి "ఇందులో నీకు ఏమి కనిపించినది?" అని అడిగినవారు ఇంకను తక్కువ. ఆ లోటును కొంతవరకైనా తీర్చవలెనన్న ఉద్దేశంతో, నా మిత్రులతో కలసి నేను ఆడిన ఒక ఆటను గురించి, దానిపై వారు వెలిబుచ్చిన అభిప్రాయాలను గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ ఆట 'డూడుల్ ఆర్మీ 2: మినీ మిలీషియా'. దీనిని 'ట్విన్ స్టిక్ షూటర్' జాతికి చెందినదిగా చెబుతారు. తెరకు ఎడమ మూలన ఒక వలయం, కుడి మూలన ఒక వలయం ఉంటాయి. ఎడమ బొటనవ్రేలితో మన బొమ్మ సిపాయి నడుస్తాడు. పాదాలకు అమర్చిన రాకెట్ల సాయంతో పైకి ఎగురుతాడు. కుడి బొటనవ్రేలు ఎటు తిరిగితే అతని తుపాకి అటు తిరిగి పేలుతుంది. కాళ్ళు తూర్పునకు పరుగెత్తుతూ ఉండగా తుపాకి పడమటికి గురిపెట్టగలగడమే ఇందులోని విశేషం. చెప్పడానికి ఇది తేలిక. చేయబోతే మొదటి రోజున రెండు చేతులూ ఒక దానితో ఒకటి పోట్లాడుకొంటాయి.

మా షేక్‌పేటలో 'షూటింగ్' అంటే అర్థం వేరు. ఫిల్మ్‌నగర్ గుట్ట ప్రక్కన నివసించేవారికి ఆ మాట వినగానే కెమెరా, లైట్లు, గొడుగు క్రింద కూర్చున్న డైరెక్టరు గుర్తుకు వస్తారు. మహబూబ్‌నగర్ జిల్లా నుండి వచ్చిన మా మిత్రుడొకడు వాళ్ళమ్మతో ఫోనులో "షూటింగుల ఉన్నమమ్మా, మల్ల జేస్త" అన్నాడు. ఆ తల్లి ఎంతో సంబరపడి "ఎవల సినిమా బిడ్డా?" అని అడిగినది. మేము నవ్వుకొన్నాము గాని, తరువాత ఆలోచిస్తే రెండు షూటింగులకూ పెద్ద భేదమే కనిపించినది. సినిమాలో తుపాకి గుండ్లు హీరోను తప్పించుకొని పోతాయి. ఈ ఆటలో గుండ్లను మనమే తప్పించుకొని పోవలెను.

ఈ రెండు చేతుల పద్ధతి సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. 1975లో జపానుకు చెందిన టైటో సంస్థ విడుదల చేసిన 'వెస్టర్న్ గన్' యంత్రంలోనే, నడవడానికి ఒక పిడి, గురిచూచి కాల్చడానికి మరొక పిడి ఉండేవి. 1982లో అమెరికాలో విలియమ్స్ సంస్థ తెచ్చిన 'రోబోట్రాన్ 2084' ఈ పద్ధతికి ఘనమైన పేరు తెచ్చినది. దానిని రూపొందించిన యూజీన్ జార్విస్, లారీ డిమార్ అనే ఇద్దరిలో జార్విస్‌కు కారు ప్రమాదంలో కుడి చేయి విరిగినది. కట్టు కట్టిన చేతితో బొత్తాములు వత్తడం సాధ్యం కాదు గదా! బొత్తాములు లేకుండా రెండు పిడులతోనే ఆట నడిపించవలెనన్న ఆలోచనకు ఆ గాయం దోహదం చేసినది. విరిగిన చేయి కొత్త దారి చూపిన సంగతి విద్యార్థులమైన మనం గుర్తుంచుకోదగినది.

మా కథ 2016–17 విద్యా సంవత్సరం నాటిది. ఒకప్పుడు గోల్కొండకు వచ్చే బాటసారులు బస చేసిన కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఈనాటికీ షేక్‌పేటలో ఉన్నది. మా అద్దె గది కూడ ఒక చిన్న సరాయి వంటిదే. జిల్లాల నుండి వచ్చిన తెలుగు మాధ్యమం వాళ్ళం ముగ్గురము, నగరంలో పుట్టి పెరిగిన ఉర్దూ మాధ్యమం వాళ్ళు ముగ్గురు అక్కడ చేరేవాళ్ళము. మొదటి రెండు నెలలూ మా మధ్య "సలాం", "నమస్తే" తప్ప మరొక మాట లేదు. వారి ఉర్దూ మాకు వేగంగా తోచేది. మా తెలుగు వారికి బరువుగా తోచేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చే వరకు ఇంటర్నెట్టు మా బోటివారికి ఖర్చుతో కూడిన పని. అయితే ఈ ఆటకు ఇంటర్నెట్టుతో పని లేదు. ఒకరి ఫోనులో హాట్‌స్పాట్ తెరిస్తే చాలు, అందరమూ పైసా ఖర్చు లేకుండా కలసి ఆడవచ్చును. గదిలో ఉన్నది ఆరుగురము.

ఇక అభిప్రాయాల విషయానికి వస్తాను. ఒకే గదిలో, ఒకే ఆట ఆడిన ఆరుగురిలో ఏ ఇద్దరి మాటా కలిసేది కాదు.

టోలిచౌకి నుండి వచ్చే మిత్రుని దృష్టిలో ఆట అంటే వేగమే. దూరం నుండి గురిచూచి కొట్టే స్నైపర్ తుపాకి దొరికితే అతనికి పండుగ. "ఆలోచించడానికి కళాశాల ఉన్నది, ఇక్కడ వ్రేళ్ళు పని చేయవలెను" అనేవాడు. మహబూబ్‌నగర్ మిత్రుడు దీనిని ఒప్పుకొనేవాడు కాదు. పైకి ఎగరడానికి ఇంధనం కొద్దిగానే ఉంటుంది. అది తీరిపోతే నేలకు దిగి, మరల నిండే వరకు ఆగవలెను. ఎప్పుడు ఎగరవలెనో, ఎప్పుడు గోడ చాటున ఓపికపట్టవలెనో తెలియనివాడికి ఎంత గొప్ప తుపాకి ఉన్నా ప్రయోజనం లేదని అతని వాదం. మూడవ మిత్రుడు ఇదంతా కంటికి శ్రమ, కాలానికి చేటు అంటూనే ప్రతి రాత్రీ అందరికంటె ముందుగా ఫోను తెరిచేవాడు!

మా అందరిలో వయసున పెద్దవాడైన ఉర్దూ మిత్రుడు కొత్తగా నేర్చుకొనేవారికి ఒకే ఉపదేశం ఇచ్చేవాడు: "పైలే భాగ్, బాద్ మే మార్." ముందు తప్పించుకో, కొట్టడం తరువాత. ఆడగా ఆడగా ఈ మాటలోని సత్యం నాకు బోధపడినది. కొత్తవాని చూపంతా కుడి చేతి మీద ఉంటుంది, కాల్చే చేయి అదే గనుక. ఆట చక్కగా వంటబట్టినవాని చూపు ఎడమ చేతి మీద ఉంటుంది, బ్రతికించే చేయి అదే గనుక. మా గదిలో ఎక్కువసార్లు గెలిచినది అందరికంటె వేగంగా కాల్చినవాడు కాదు, అందరికంటె తక్కువసార్లు చిక్కినవాడు.

ఆడడానికి ఇష్టపడక ప్రక్కన కూర్చుండి చూచే మిత్రుడు కూడ ఒకడు అప్పుడప్పుడు వచ్చేవాడు. "చచ్చినవాడు మూడు క్షణాలలో లేచి వస్తున్నాడు, చావుకు విలువ లేని ఆట ఇది" అని అతడు అన్నప్పుడు మాలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ మాటను నేను ఈనాటికీ త్రోసిపుచ్చను. దానికి తగిన సమాధానం నాకు తరువాత రోబోట్రాన్ ఆటలో కొంత దొరికినది. అందులో మామూలు శత్రుయంత్రాన్ని కూల్చితే వచ్చేవి 100 మార్కులు. తెరపై దిక్కుతోచక తిరిగే మానవ కుటుంబంలో ఒకరిని కాపాడితే 1000. వరుసగా కాపాడుతూ పోతే తరువాతివారికి 2000, 3000, అట్లా 5000 వరకు పెరుగుతుంది. అనగా ఆ ఆట తయారుచేసినవారు చంపడం కంటె రక్షించడానికే ఎక్కువ వెల కట్టారన్నమాట. తుపాకి ఉన్నంత మాత్రాన ఆటలన్నీ ఒకటి కావు. ఏ పనికి మార్కులు వేస్తున్నదో చూచి ఆటను తూచవలెను.

ఇంతలో మా గదికి ఒక చిక్కు వచ్చినది. ఆరుగురిలో ఒకరు ఎక్కడి నుండియో మార్పులు చేసిన ప్రతిని సంపాదించి తన ఫోనులో పెట్టుకొన్నాడు. ఎంత కాల్చినా అతని సిపాయికి ప్రాణం తగ్గదు. ఎంత ఎగిరినా ఇంధనం తీరదు. మూడు రోజులు వరుసగా అతడే గెలిచాడు. నాలుగవ రోజున సంగతి బయటపడినది. పెద్ద తగవేమీ జరగలేదు. అంతకంటె చెడ్డదే జరిగినది. గదిలో మాటలు ఆగిపోయినవి. ఆ మిత్రుడు ఏ మాధ్యమం వాడో ఇక్కడ చెప్పను. చెబితే ఆనాటి పొరపాటే మరల జరుగుతుంది. ఎందుకంటే రెండవ వైపు వారు "వాడు" అనడం మాని "వాళ్ళు" అనడం మొదలుపెట్టారు. ఒక్క ఏకవచనం బహువచనమైతే ఎంత దూరం పెరుగుతుందో ఆ వారం రోజులలో చూచాను.

దానిని సరిదిద్దినవాడు మా పెద్ద మిత్రుడే. ఒక రాత్రి చాయ్ తెప్పించి, ఆరు ఫోనులూ చాప మీద పెట్టించాడు. ఎవరినీ నిందించలేదు. "మూడు రోజులు గెలిచినావు గదా భాయ్, మజా వచ్చిందా?" అని మాత్రం అడిగాడు. ఆ మిత్రుడు కొంతసేపు తల వంచుకొని, "మొదటి రోజు వచ్చింది. తరువాత మీరు మాట్లాడుకొంటుంటే నాకు చెప్పడానికి ఏమీ లేకపోయింది" అన్నాడు. ఓడిపోయే భయం పోగానే ఆటలో ముచ్చటించుకొనడానికి అతనికి ఏమీ మిగలలేదు. ఆ ప్రతిని అతడే తీసివేశాడు. తరువాత కొన్నాళ్ళు ఒకరిపై ఒకరు కాల్చుకొనడం మాని, యంత్రం పంపే శత్రువుల మీద అందరమూ ఒక జట్టుగా ఆడాము. పరీక్షలు వచ్చేనాటికి మా తెలుగు వ్యాసాలను వారికి చదివి వినిపిస్తున్నాము. వారి గజళ్ళకు మేము అర్థం అడుగుతున్నాము.

ఆటలన్నీ మంచివని నేను వాదించడం లేదు. డబ్బు పందెం పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించినది. అది ఉచితమైన పని. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీని నిషేధించినప్పుడు కారణాలు వేరు. అయినా ఆ రోజులలో పందెపు ఆటను, స్నేహితుల ఆటను, పిల్లల ఆటను ఒకే గాటన కట్టి మాట్లాడినవారు ఎందరో! నిద్ర మాని ఆడేవానిని మందలించవలసినదే. ప్రక్కనున్నవానితో కలసి అరగంట ఆడి పుస్తకం తెరిచేవానిని అదే కర్రతో కొట్టరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక పూర్వ విద్యార్థిగా నా మనవి ఒక్కటే. ఫిల్మ్‌నగర్ ప్రక్కన పెరిగే మన విద్యార్థి మొదటి ఆట చూచి వచ్చి సినిమాను కథ, మాటలు, సంగీతం అని విడదీసి తూచగలడు. తాను ఆడిన ఆటను కూడ అతడు ఆ విధంగానే తూచి వ్రాయవలెను: ఈ ఆట దేనికి మార్కులు వేస్తున్నది? ఓడినవాడికి ఏమి నేర్పుతున్నది? ప్రక్కవానిని దగ్గర చేస్తున్నదా, దూరం చేస్తున్నదా? ఈ మూడు ప్రశ్నలకు తెలుగులోనూ ఉర్దూలోనూ సమాధానాలు వ్రాయించి, వచ్చే సంచికలో రెండు లిపులలోనూ ప్రకటించగలిగితే, ఏ ఆటను ఉంచవలెనో దేనిని విడువవలెనో మన విద్యార్థులే తేల్చి చెప్పగలరని నా నమ్మకం.