హోసూరు రాగిముద్ద
చంద్రచూడేశ్వరుని కొండ దిగేసరికి బజారు నిండా అనపకాయలే! సంక్రాంతి వేళ హోసూరు వైభవమంతా ఇదే. బంధువులింట రాగిముద్ద, పితికిపప్పు పులుసు వడ్డించారు. నానిన గింజల తొక్క తీయడానికి ఇంటిల్లిపాదీ కూర్చోవలసిందే. పీచు కొంత పోతుందనుకోండి, కాని ఆ రుచి వేరు! ముద్దను నమలక మింగమని పెద్దమ్మగారు మమ్మల్ని హెచ్చరించారు.

కొన్నేళ్ళుగా ఆ ఇంట తెల్లన్నమే. నిరుడు పెద్దమ్మగారి మరిదికి పెద్దపేగు కాన్సరుకు శస్త్రచికిత్స జరిగాక, పిల్లలకోసం ముద్ద తిరిగి వచ్చింది. రాగులను పొట్టుతోనే విసురుతారు. ఆ పీచును పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టగా వచ్చే పదార్థం పేగుగోడకు ఆహారమవుతుంది. పొట్టుగల ధాన్యాలు ఈ జబ్బు ముప్పును తగ్గిస్తాయనీ, బొత్తిగా తొలగించవనీ వైద్యులంటారు. సాసేజీల వంటి నిలవ మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2015లోనే కాన్సరు కారకాలలో చేర్చింది.

మరిదిగారు మాత్రం పలుచని జావ తాగుతూ, మా విస్తళ్ళలోని ముద్దలవంక చూస్తూ కూర్చున్నారు.